ముందే రాసిపెట్టిన తీర్పు: రెండు ప్రపంచ యుద్ధాల్లో అమెరికా 92వ డివిజన్

అమెరికా సైన్యంలో 92వ పదాతిదళ డివిజన్ రెండుసార్లు పుట్టింది. మొదట 1917లో, మళ్లీ 1942లో. రెండుసార్లూ అందులో సైనికులంతా నల్లజాతివారే, రెండుసార్లూ దాన్ని నడిపిన జనరల్ తెల్లవాడే. యుద్ధం అయ్యాక పై అధికారులు రాసిన నివేదికలు కూడా రెండుసార్లూ ఒకే మాట చెప్పాయి: నల్లవాళ్లు ముందువరస పోరాటానికి పనికిరారు. పాతికేళ్ల తేడాతో, వేరే దేశంలో, వేరే తరం మనుషులతో జరిగిన రెండు యుద్ధాల్లో ఫలితం ఒకేలా ఉందంటే లోపం మనుషుల్లోనే ఉందని ఆ అధికారులు వాదించారు. కానీ రెండుసార్లూ మారనిది ఇంకొకటి ఉంది. అది ఆ డివిజన్‌ను కట్టిన తీరు. దాన్ని పట్టించుకోకుండా 92వ డివిజన్ కథ అర్థం కాదు.

1917లో అమెరికా యుద్ధంలోకి దిగేనాటికి సైన్యంలో అత్యున్నత హోదాలో ఉన్న నల్లజాతి అధికారి చార్లెస్ యంగ్. సైనికాధికారులను తయారుచేసే వెస్ట్ పాయింట్ అకాడమీలో చదివినవాడు. నల్లజాతి డివిజన్ ఏర్పడితే దానిలో కీలక బాధ్యత దక్కాల్సిన మనిషి. రక్తపోటు ఉందని కారణం చూపి ఆయన్ని ఆ ఏడాదే పదవీ విరమణ చేయించారు. తన ఆరోగ్యం బాగానే ఉందని నిరూపించడానికి 1918లో ఆయన ఒహాయోలోని విల్బర్‌ఫోర్స్ నుంచి వాషింగ్టన్ దాకా గుర్రం మీద వెళ్లాడు. దాదాపు 800 కిలోమీటర్ల దూరం. అయినా యుద్ధం ముగింపుకొచ్చేదాకా ఆయన్ని తిరిగి విధుల్లోకి పిలవలేదు. 92వ డివిజన్ చార్లెస్ బలూ అనే తెల్లజాతి జనరల్ చేతికి వెళ్లింది. అయోవాలోని ఫోర్ట్ డి మోయిన్‌లో నల్లజాతి అధికారుల శిక్షణ శిబిరాన్ని నడిపిందీ ఆయనే. 1917 అక్టోబరులో ఆ శిబిరం నుంచి 639 మంది అధికారులుగా బయటికొచ్చారు. డివిజన్‌లో కెప్టెన్ స్థాయి వరకు ఎక్కువగా వాళ్లే.

డివిజన్‌నైతే ప్రకటించారు గానీ ఒక్కచోట చేర్చలేదు. 1917 ఆగస్టులో టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో పోలీసుల వేధింపులతో విసిగిన నల్లజాతి సైనికులు తిరగబడ్డారు. ఆ ఘటనకు 19 మందిని ఉరితీశారు. ఆ తర్వాత వేల మంది నల్ల సైనికులను ఆయుధాలతో ఒకే శిబిరంలో ఉంచడానికి ప్రభుత్వం జంకింది. అందుకే 92వ డివిజన్ దళాలను కాన్సాస్, ఇల్లినాయ్, అయోవా, ఒహాయో, మేరీల్యాండ్, న్యూజెర్సీ, న్యూయార్క్ రాష్ట్రాల్లోని ఏడు శిబిరాలకు చెదరగొట్టారు. డివిజన్ అంటే పదాతిదళం, ఫిరంగులు, ఇంజనీర్లు, సిగ్నల్ దళం కలిసి ఒక్కటిగా కదలడం. అలా కలిసి కదిలే అభ్యాసం ఈ డివిజన్‌కు అమెరికా గడ్డ మీద ఒక్కసారి కూడా దొరకలేదు. అన్ని దళాలూ ఒకదాన్నొకటి చూసుకున్నది ఫ్రాన్స్ చేరాకే.

శిక్షణ కాలంలోనే ఇంకో సంగతి జరిగింది. కాన్సాస్‌లోని ఒక థియేటర్‌లోకి డివిజన్‌కు చెందిన సార్జెంట్‌ను రానివ్వలేదు. రాష్ట్ర చట్టం ప్రకారం తప్పు థియేటర్ యజమానిదే. బలూ ఆ సంగతి ఒప్పుకుంటూనే 1918 మార్చిలో తన సైనికులకు 35వ నంబరు బులెటిన్ జారీ చేశాడు. హక్కు మీదే అయినా గొడవలకు దారితీసే చోటికి వెళ్లవద్దు, ఈ డివిజన్‌ను చేసింది తెల్లవాళ్లే, తలనొప్పిగా మారితే అంతే సులువుగా విరిచేయగలరు అన్నది దాని సారం. సేనాధిపతి మీద సైనికులకు ఉండాల్సిన నమ్మకం యుద్ధభూమికి చేరకముందే దెబ్బతింది.

1918 ఆగస్టులో డివిజన్ వోజ్ పర్వతాల్లోని సాన్ డియే ప్రాంతంలో కందకాల్లోకి దిగింది. సెప్టెంబరులో జర్మన్లు వాళ్ల మీద కరపత్రాలు కురిపించారు. మీ దేశంలో తెల్లవాళ్లు తినే హోటల్లో మీరు తినగలరా, థియేటర్‌లో వాళ్ల పక్కన కూర్చోగలరా, మిమ్మల్ని గుంపులు కట్టి చంపడం లేదా అని అందులో అడిగారు. అది శత్రువు ప్రచారమే. కానీ అందులోని ప్రశ్నలకు జవాబు ఏమిటో చదివిన ప్రతి సైనికుడికీ తెలుసు.

ఆ నెల చివర్లో ఫ్రాన్స్‌లో జర్మన్ల మీద మ్యూజ్-ఆర్గోన్ మహాదాడి మొదలైంది. (డివిజన్‌లో కొన్ని రెజిమెంట్లు, రెజిమెంట్‌లో కొన్ని బెటాలియన్లు, బెటాలియన్‌లో కొన్ని కంపెనీలు ఉంటాయి.) అమెరికా 77వ డివిజన్‌కూ పక్కనున్న ఫ్రెంచి సైన్యానికీ మధ్య ఖాళీని కలిపి ఉంచే పని 92వ డివిజన్‌లోని 368వ రెజిమెంట్‌కు అప్పగించారు. రెండు వేర్వేరు సైన్యాలను కలిపే అతుకు దగ్గర నిలబడటం అనుభవమున్న దళాలకే కష్టం. ఈ రెజిమెంట్‌కు పెద్ద దాడిలో పాల్గొన్న అనుభవమే లేదు. నాలుగేళ్లుగా పేరుకుపోయిన ముళ్లకంచెలను కోయడానికి బలమైన కత్తెర్లు లేవు. సరిపడా మ్యాపులు లేవు. ఫిరంగుల మద్దతు దాదాపు లేదు. డివిజన్ సొంత ఫిరంగి దళం ఇంకా శిక్షణలోనే ఉంది. సెప్టెంబరు 26న ముందుకు కదిలిన బెటాలియన్లు అడవిలో చెల్లాచెదురయ్యాయి. ఒక బెటాలియన్‌ను నడిపిన తెల్లజాతి మేజర్ తన కంపెనీలతో సంబంధం కోల్పోయాడు, తర్వాత మానసికంగా కుప్పకూలాడు. సైనికులు పదే పదే వెనక్కి వచ్చారు. ఇవన్నీ జరిగినవే, దాచాల్సిన పని లేదు. అదే రెజిమెంట్‌లోని మరో బెటాలియన్ సెప్టెంబరు 30న బినార్విల్ గ్రామం చేరింది. అదీ జరిగిందే.

శిక్ష మాత్రం ఒక్కవైపే పడింది. అయిదుగురు నల్లజాతి అధికారులను పిరికితనం నేరం కింద కోర్టు మార్షల్ చేశారు. నలుగురికి మరణశిక్ష, ఒకరికి యావజ్జీవం విధించారు. యుద్ధం తర్వాత వాషింగ్టన్‌లో కేసులను తిరగేసినప్పుడు ఆ తీర్పులు నిలవలేదు, అందరూ విడుదలయ్యారు. ఆదేశాలు అస్పష్టంగా ఉన్నాయని, పరిస్థితి గందరగోళమని అప్పుడు తేలింది. అయితే తీర్పు రద్దయిన సంగతి పెద్దగా ఎవరి చెవినా పడలేదు. పిరికితనం అన్న మాట మాత్రం సైన్యం జ్ఞాపకంలో ఉండిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, అదే మ్యూజ్-ఆర్గోన్‌లో, మిసోరీ, కాన్సాస్ రాష్ట్రాల తెల్లవాళ్లతో నిండిన 35వ డివిజన్ కూడా చెదిరిపోయింది. అయిదారు రోజుల్లోనే దాన్ని వెనక్కి రప్పించి 1వ డివిజన్‌ను దాని స్థానంలోకి పంపాల్సి వచ్చింది. పరాజయం పరిమాణంలో చూస్తే ఇదే పెద్దది, ఎందుకంటే కుప్పకూలింది ఒక రెజిమెంట్ కాదు, మొత్తం డివిజన్. దాని మీదా విచారణలు జరిగాయి, రాజకీయ దుమారమూ లేచింది. కానీ ఆ విచారణల్లో కారణాలుగా తేలినవి శిక్షణ లోపం, చివరి నిమిషంలో అధికారులను మార్చడం, సమాచార వ్యవస్థ తెగిపోవడం. మిసోరీ తెల్లవాళ్లు పుట్టుకతోనే పోరాటానికి పనికిరారని ఎవరూ రాయలేదు. ఆ 35వ డివిజన్ ఫిరంగి దళంలో ఒక బ్యాటరీకి, అంటే కొన్ని ఫిరంగుల జట్టుకు, కెప్టెన్‌గా పనిచేసిన వ్యక్తి హ్యారీ ట్రూమన్. ఈ కథలో ఆయన పేరు మళ్లీ వస్తుంది.

నల్లజాతి సైనికుల గురించి సైన్యం చేసిన వాదనను కూల్చే సాక్ష్యం ఆ యుద్ధంలోనే ఇంకోటి ఉంది. 93వ డివిజన్ కోసమని సమకూర్చిన నాలుగు నల్లజాతి రెజిమెంట్లను అమెరికా సేనాధిపతి పెర్షింగ్ ఫ్రెంచి సైన్యానికి అప్పగించాడు. ఫ్రెంచివాళ్లు వాళ్లకు తమ తుపాకులు ఇచ్చి, తమ డివిజన్లలో కలుపుకుని పోరాడించారు. వాటిలో న్యూయార్క్ నుంచి వచ్చిన 369వ రెజిమెంట్ 191 రోజులు ముందువరసలో ఉంది. రెజిమెంట్ మొత్తానికి ఫ్రాన్స్ క్రోయి ద గేర్ పతకం ఇచ్చింది. అవే ఊళ్లు, అవే బడులు, అవే మనుషులు. తేడా అల్లా వాళ్లను ఎవరు, ఎలా నడిపారన్నదే.

92వ డివిజన్ సైతం యుద్ధం చివరి రెండు రోజుల్లో, నవంబరు 10, 11 తేదీల్లో, మోసెల్ నది దగ్గర ఫ్రెయో అడవిని పట్టుకుని విరమణ గంట కొట్టేదాకా విషవాయువు, ఫిరంగుల మధ్య నిలబెట్టుకుంది. అప్పటికే అభిప్రాయాలు స్థిరపడిపోయాయి. ఆ డివిజన్ ఉన్న అమెరికా రెండో సైన్యానికి అధిపతి అయిన రాబర్ట్ బుల్లార్డ్ తన జ్ఞాపకాల్లో నల్లజాతివారిని బాగుపడే ఆశే లేని తక్కువ జాతిగా వర్ణించాడు. డివిజన్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ అలెన్ గ్రీర్ తాను ఇంకా అదే డివిజన్‌లో ఉండగానే తన సైనికులను తూలనాడుతూ ఒక సెనేటర్‌కు ఉత్తరం రాశాడు. నల్లజాతి రచయిత, హక్కుల ఉద్యమకారుడు డు బోయిస్ 1919లో ఫ్రాన్స్ నుంచి తెచ్చిన పత్రాలను తన ‘క్రైసిస్’ పత్రికలో అచ్చువేశాడు గానీ సైన్యం చదువుకున్నది బుల్లార్డ్‌నే. 1925లో ఆర్మీ వార్ కాలేజీ నల్లజాతి సైనికుల వినియోగం మీద తయారుచేసిన అధ్యయనానికి ఆధారం ప్రధానంగా ఇలాంటి తెల్లజాతి అధికారుల మాటలే. నల్లవాళ్లు మానసికంగా తక్కువవారని, నాయకత్వానికి పనికిరారని అది శాస్త్రం పేరుతో తేల్చింది. తర్వాతి యుద్ధానికి ప్రణాళికలు వేసిన తరం అధికారులు పాఠంగా చదివింది ఇదే.

అలా 1942 అక్టోబరు 15న 92వ డివిజన్ మళ్లీ ప్రాణం పోసుకున్నప్పుడు పాత తప్పుల్ని సరిదిద్దే ఆలోచన ఎవరికీ రాలేదు. ఈసారి ఏడు కాదు, నాలుగు శిబిరాలు: అలబామా, ఆర్కన్సా, కెంటకీ, ఇండియానా. 1943లో అంతా కలిసి అరిజోనా ఎడారిలోని ఫోర్ట్ హువాచుకా చేరారు. జనాలకు దూరంగా ఉండటం ఆ చోటు ప్రత్యేకత. నల్ల, తెల్ల అధికారులకు వేర్వేరు క్లబ్బులు. సేనాధిపతి ఎడ్వర్డ్ ఆల్మండ్ వర్జీనియావాడు. దక్షిణాదివాళ్లకు నల్లవాళ్లను ఎలా అదుపులో పెట్టాలో తెలుసన్నది అప్పటి సైన్యంలో గట్టి నమ్మకం. ఆ ఏడాది శిబిరాన్ని పరిశీలించిన నల్లజాతి బ్రిగేడియర్ జనరల్ బెంజమిన్ ఓ. డేవిస్, ఆల్మండ్ శిక్షణలో మనిషి అన్న కోణాన్ని వదిలేశాడని నివేదించాడు. దాంతో పెద్దగా ఏమీ మారలేదు.

ఇక్కడ మూడు నియమాల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇటలీలో జరిగినదానికి వేళ్లు వాటిలోనే ఉన్నాయి. నల్లజాతి అధికారి కింద తెల్లజాతి అధికారి పనిచేయకూడదన్నది మొదటిది. ఎంత సమర్థుడైనా నల్లజాతి లెఫ్టినెంట్‌కు పై మెట్టు తెల్లవాళ్లతో నిండి ఉండేది. ఒక కంపెనీలో తెల్ల కెప్టెన్ పోతే అనుభవమున్న నల్ల లెఫ్టినెంట్‌ను కాదని ఇంకో తెల్ల కెప్టెన్‌ను తెచ్చేవారు. కొత్తగా వచ్చినవాడికి ఆ మనుషులు తెలియరు, ఆ కొండలూ తెలియవు. రెండోది భర్తీ వ్యవహారం. చనిపోయిన, గాయపడిన సైనికుల స్థానంలోకి నల్లవాళ్లే రావాలి. పదాతిదళ శిక్షణ పొందిన నల్ల సైనికులను సైన్యం తగినంత మందిని తయారుచేయలేదు. నల్లవాళ్లలో అత్యధికులను ఓడరేవుల్లో, లారీల మీద, వంటశాలల్లో పెట్టింది. దాంతో తుపాకీ సరిగా పట్టనివాళ్లు నేరుగా ముందువరసకు వచ్చారు. మూడోది, చదువు తక్కువైన వాళ్లందరినీ ఒకే డివిజన్‌లో పోగుచేయడం. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లపిల్లల బడులు ఏడాదిలో కొన్ని నెలలే నడిచేవి. సైన్యం పరీక్షల్లో కింది తరగతుల్లో పడినవాళ్లు మిగతా డివిజన్లలో అక్కడక్కడా సర్దుకుంటే, ఇక్కడ వాళ్లే అత్యధిక సంఖ్యాకులయ్యారు. వేరుచేసి పెట్టడం వల్ల పుట్టిన లోపాన్ని మళ్లీ వేరుచేసి పెట్టడానికి కారణంగా చూపించారు.

డివిజన్‌ను ఇటలీలో జర్మన్ల మీదికి పంపారు. దానిలోని 370వ రెజిమెంట్ ముందుగా అక్కడికి చేరి, ట్యాంకులున్న 1వ ఆర్మర్డ్ డివిజన్‌తో కలిసి 1944 సెప్టెంబరు 1న ఆర్నో నది దాటింది. ఆ వారాల్లో దాని పనితీరు మీద పెద్ద ఫిర్యాదులేమీ లేవు. జర్మన్లు అప్పుడు వెనక్కి తగ్గుతున్నారు. అసలు పరీక్ష గోథిక్ లైన్, అంటే ఉత్తర ఇటలీలో జర్మన్లు కట్టుకున్న రక్షణ రేఖ, కొండల దగ్గర మొదలైంది. శరదృతువు వానల్లో, మస్సా పట్టణం వైపు వెళ్లే దారిలోని నిటారు కొండల మీద దాడులు మళ్లీ మళ్లీ విఫలమయ్యాయి. ఒక్కో ఓటమికీ సైనికులకు అధికారుల మీద, అధికారులకు సైనికుల మీద నమ్మకం ఇంకాస్త తరిగింది.

నవంబరులో 366వ రెజిమెంట్‌ను తెచ్చి ఆల్మండ్‌కు అప్పగించారు. ఇది ప్రత్యేకమైన రెజిమెంట్: అధికారులు సహా అందరూ నల్లవాళ్లే. తర్వాత మసాచుసెట్స్ నుంచి సెనేటర్ అయిన ఎడ్వర్డ్ బ్రూక్ అందులో యువ అధికారి. ఇటలీ వచ్చినప్పటి నుంచీ ఆ రెజిమెంట్ విమానాశ్రయాలకు కాపలా కాస్తోంది. తిరిగి శిక్షణ ఇవ్వకుండానే ముక్కలు ముక్కలుగా ముందువరసకు పంపారు. ఆ రెజిమెంట్ వాళ్లు చెప్పిన ప్రకారం, ఆల్మండ్ స్వాగత ప్రసంగంలో మీ నల్లవాళ్ల పత్రికలే మిమ్మల్ని ఇక్కడికి రప్పించాయి, చావుల్లో మీ వాటా మీకు దక్కేలా చూస్తాను అన్నాడు. కొన్ని వారాలకే రెజిమెంట్ కమాండర్ హొవార్డ్ క్వీన్ తనను తప్పించమని కోరి వెళ్లిపోయాడు.

డిసెంబరు 26 తెల్లవారుజామున సెర్కియో లోయలో జర్మన్, ఇటాలియన్ ఫాసిస్టు దళాలు దాడికి దిగాయి. బార్గా పట్టణం పైన సొమ్మొకొలోనియా అనే చిన్న కొండ గ్రామంలో 366వ రెజిమెంట్ లెఫ్టినెంట్ జాన్ ఫాక్స్ ఫిరంగి దళానికి గురి చూపే పనిలో ఉన్నాడు. తనవాళ్లు తప్పుకుంటుంటే తాను స్వచ్ఛందంగా ఒక ఇంటి పై అంతస్తులో ఉండిపోయాడు. శత్రువులు దగ్గరయ్యే కొద్దీ గుండ్లు ఇంకా దగ్గర, ఇంకా దగ్గర అని చెబుతూ, చివరికి తానున్న ఇంటి మీదే వేయమన్నాడు. అవతలి మనిషి తటపటాయిస్తే, వేయమని గట్టిగా చెప్పాడు. తర్వాత ఆ చోటును తిరిగి పట్టుకున్నప్పుడు ఆయన శవంతో పాటు దాదాపు వంద మంది జర్మన్ల శవాలు కనిపించాయని పురస్కార పత్రం చెబుతుంది.

లోయలోని మిగతా దళాలు నిలవలేకపోయాయి. ముప్పు పసిగట్టి ముందే తరలించిన మేజర్ జనరల్ డడ్లీ రస్సెల్ నేతృత్వంలోని 8వ భారత డివిజన్ ఆ ఖాళీని మూసింది. కొద్ది రోజుల్లోనే పోయిన చోట్లు చాలావరకు తిరిగి చేతికొచ్చాయి. ఈ పోలికను అప్పట్లో 92వ డివిజన్‌ను చిన్నబుచ్చడానికే వాడారు. భారత డివిజన్ 1943 నుంచీ ఇటలీ కొండల్లో పోరాడుతూ వచ్చిందని, కాసినో దగ్గరి భీకర యుద్ధాన్ని చూసిందని మరిచిపోకూడదు. అదీ వలస సైన్యమే, పై పదవులు దాదాపు అన్నీ బ్రిటిష్ వాళ్లవే, సమానత్వం అక్కడా లేదు. అయినా అధికారి తన సైనికుల భాష నేర్చుకోవాలన్న నియమం ఉంది, ఒకే రెజిమెంట్‌ను ఏళ్ల తరబడి అంటిపెట్టుకుని ఉండే పద్ధతి ఉంది. 92వ డివిజన్‌కు ఆ రెండూ కరువే.

1945 ఫిబ్రవరిలో సముద్రతీరం వెంబడి చింక్వాలే కాలువ దగ్గర చేసిన దాడి నాలుగు రోజుల్లో చితికిపోయింది. లా స్పెజియా దగ్గరి భారీ తీర ఫిరంగులు ఇసుకలో దిగబడిన ట్యాంకులను ఒక్కొక్కటిగా పేల్చాయి. సుమారు 700 మంది చనిపోయారు, గాయపడ్డారు లేదా కనిపించకుండా పోయారు. అమెరికా సైన్యాధ్యక్షుడు జార్జి మార్షల్ అప్పుడు ఇటలీ వచ్చి ఒక ఏర్పాటు సూచించాడు: డివిజన్‌లోని మంచి సైనికులందరినీ 370వ రెజిమెంట్‌లో చేర్చి, మిగతా రెండు స్థానాల్లోకి తెల్లజాతి 473వ రెజిమెంట్‌ను, జపనీస్ అమెరికన్ల 442వ రెజిమెంట్‌ను తేవడం. 366వ రెజిమెంట్‌ను మార్చిలో రద్దు చేసి ఇంజనీరు దళాలుగా మార్చారు. యుద్ధమంతా జాతులను కలపకూడదని పట్టుబట్టిన సైన్యం, అవసరం తరుముకొచ్చేసరికి మూడు జాతుల రెజిమెంట్లను ఒకే డివిజన్ కింద పెట్టింది.

అదే సమయంలో యుద్ధ మంత్రి పౌర సలహాదారు, నల్లజాతి న్యాయవాది ట్రూమన్ గిబ్సన్ ఇటలీ వచ్చి విచారించాడు. కొన్ని దళాలు కరిగిపోయిన మాట నిజమేనని రోమ్‌లో విలేకరుల ముందు ఒప్పుకున్నాడు. పదోన్నతుల విధానం, చదువు లేమి, వేరుచేసే పద్ధతి దీనికి కారణాలని కూడా చెప్పాడు. పత్రికలు మొదటి మాటనే పట్టుకున్నాయి. నల్లజాతి పత్రికలు ఆయన్ని ద్రోహి అన్నాయి. వాళ్ల కోపం అర్థమవుతుంది, స్వదేశంలోనూ విదేశంలోనూ గెలవాలన్న జంట విజయం ఉద్యమానికి ఈ డివిజన్ ఒక ఆశ. కానీ మొత్తం వ్యవహారంలో అందరికన్నా నిజాయితీగా మాట్లాడింది గిబ్సనే. వైఫల్యం లేదనడం ఎంత తప్పో, దాన్ని జాతికి అంటగట్టడం అంత తప్పని ఆయన ఒకే చోట చెప్పాడు.

ఏప్రిల్ 5న ఆఖరి దాడి మొదలైంది. 442వ రెజిమెంట్ రాత్రంతా కొండ ఎక్కి, నెలల తరబడి లొంగని శిఖరాలను తెల్లవారుజామున పట్టుకుంది. దానికి కొన్ని కిలోమీటర్ల దూరంలో, 370వ రెజిమెంట్ లెఫ్టినెంట్ వెర్నన్ బేకర్ తన మనుషులతో అగినోల్ఫీ కోట దాకా చొచ్చుకుపోయాడు. మెషీన్‌గన్ స్థావరాలను, పరిశీలక కేంద్రాన్ని ధ్వంసం చేశాడు. ఆయన తెల్లజాతి కెప్టెన్ సహాయం తెస్తానని వెనక్కి వెళ్లాడు, సహాయం రాలేదు. ఇరవై అయిదు మంది పైచిలుకు వెళ్తే అందులో 19 మంది చనిపోయారు. ఏప్రిల్ నెలాఖరుకు 92వ డివిజన్ మస్సా, కర్రారా, లా స్పెజియాల మీదుగా జెనోవా చేరింది. ఆ పాటికే అక్కడి జర్మన్లు ఇటాలియన్ గెరిల్లాలకు లొంగిపోయారు.

ఆ యుద్ధంలో తన అత్యున్నత శౌర్య పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్‌ను నాలుగు వందల మందికి పైగా ఇచ్చిన అమెరికా, ఒక్కటీ నల్లజాతి సైనికుడికి ఇవ్వలేదు. బేకర్‌కు దాని కింది పతకం దక్కింది. ఫాక్స్‌కు అది కూడా 1982 దాకా రాలేదు. 1990లలో సైన్యం కోరిక మీద షా విశ్వవిద్యాలయం జరిపిన అధ్యయనం తర్వాత, 1997 జనవరి 13న ఏడుగురికి మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు. ఏడుగురిలో బతికున్నది బేకర్ ఒక్కడే.

92వ డివిజన్ మీద తీర్పును అందరికన్నా గట్టిగా కొట్టేసే సాక్ష్యం ఇటలీలో లేదు, ఉత్తర ఐరోపాలో ఉంది. 1944 డిసెంబరులో బెల్జియం వైపు జర్మన్లు ఎదురుదాడి చేసిన ఆర్డెన్ యుద్ధంలో పదాతి సైనికుల కొరత ఏర్పడ్డాక, 1945 మొదట్లో సరఫరా దళాల్లోని నల్లజాతి సైనికుల నుంచి స్వచ్ఛంద సైనికులను పిలిచారు. రెండు వేలకు పైగా ముందుకొచ్చారు. హోదా తగ్గించుకుని వచ్చిన సార్జెంట్లూ వాళ్లలో ఉన్నారు. కొద్ది వారాల శిక్షణ తర్వాత వాళ్లను ప్లటూన్లుగా తెల్లజాతి కంపెనీల్లోకి పంపారు. యుద్ధం ముగిశాక సైన్యమే సర్వే చేసింది. వాళ్లతో కలిసి పోరాడిన తెల్లజాతి అధికారుల్లో, సార్జెంట్లలో 80 శాతానికి పైగా వాళ్లు చాలా బాగా పోరాడారని చెప్పారు. కలిసి ఉన్నాక తమ అభిప్రాయం మెరుగుపడిందని చాలామంది అన్నారు. ఆ సర్వేను సైన్యం అప్పట్లో బయటపెట్టలేదు.

1948 జులై 26న సైన్యంలో సమాన అవకాశాలు కల్పిస్తూ 9981 నంబరు ఉత్తర్వు మీద సంతకం చేసిన అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్, ఒకప్పటి 35వ డివిజన్ కెప్టెన్. ఉత్తర్వు వచ్చినా అమలు మూడేళ్లు నత్తనడక నడిచింది. ఆల్మండ్ మాత్రం కొరియా యుద్ధానికి కోర్ కమాండర్‌గా, అంటే కొన్ని డివిజన్లకు అధిపతిగా, వెళ్లాడు, నల్లవాళ్ల మీద అభిప్రాయం మార్చుకోలేదు. కొరియాలో నష్టాలు పెరిగి భర్తీకి మనుషులు చాలక కొన్ని దళాలు నల్ల, తెల్ల సైనికులను కలిపి పంపడం మొదలుపెట్టాయి. ఆ దళాలు బాగానే పోరాడుతున్నాయని గమనించిన, కొరియాలోని సేనాధిపతి రిడ్జ్‌వే 1951లో అన్ని దళాలనూ కలపడానికి అనుమతి తెచ్చుకున్నాడు. ఆ ఏడాది అక్టోబరు 1న, అక్కడ ఇంకా విడిగా పోరాడుతున్న నల్లజాతి 24వ రెజిమెంట్‌ను రద్దు చేసి అందులోని సైనికులను మిగతా దళాల్లో సర్దారు.